కోడలా, బనియన్ గుడ్డకి కత్తెర పెట్టేముందు

అమ్ములూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నువ్వు జిగ్‌జాగ్ మిషన్ కొన్నావనీ, టీషర్టులూ నైట్ ప్యాంట్లూ ఇంట్లోనే కుట్టి ఒంగోల్లో అమ్ముతానంటున్నావనీ చెప్పాడు. వాడికి భయం, నాకు సంబరం. పక్కింటావిడకి అప్పుడే చెప్పేశాను కూడా. తెల్లారేసరికి నాకూ టెన్షన్ పట్టుకుంది.

సూది బాల్‌పాయింట్‌ది, అంటే మొన గుండ్రంగా ఉండేది వెయ్యి, మామూలుదైతే పోగులు తెగి కుట్టు వెంబడి బొక్కలు పడతాయి. దారం పాలిస్టర్. జిగ్‌జాగ్ సన్నగా పెట్టు. గుడ్డని చేత్తో లాగొద్దు, మిషన్ పళ్లే లాక్కుంటాయి.

నా గోలంతా గుడ్డ తడపడం గురించే. జాకెట్టు లైనింగు తడపకుండా కత్తెర ముట్టనిదానివి, హోజరీ, అదే బనియన్ గుడ్డ, అనేసరికి సాగేదే కదా అనుకుంటావు. నేనూ అనుకున్నా.

మీ బావ ఎల్‌కేజీలో ఉన్నప్పుడు, కావలిలో ఒక బడివాళ్లు నవంబరు 14కి ముప్పై పసుపు టీషర్టులు కావాలని సగం డబ్బు అడ్వాన్సిచ్చారు. మీ మామయ్య పినాకిని రైల్లో మద్రాసు వెళ్లి తిరుప్పూరు గుడ్డ కిలోల లెక్కన మోసుకొచ్చాడు. చేతిలో వారం రోజులే. బయటేమో మన నవంబరు ముసురు, లంగా ఆరడానికే రెండు రోజులు. ఇక ఇంత గుడ్డ తడిపి ఎక్కడ ఆరేస్తానని తానులోంచి లాగింది లాగినట్టే కోసి కుట్టేశాను. పండగ రోజు పిల్లలు బంతిపూల్లా ఉన్నారు, వరండాలో నిలబడి చూసుకుని మురిసిపోయాను. వారం తిరక్కుండా మొదటి తల్లి వచ్చింది. ఏమీ అనలేదు, కొడుకుని ముందుకి తోసింది. వాడి బొడ్డు కనబడుతోంది. పక్క కుట్టు మెలితిరిగి పొట్ట మీదకొచ్చింది. పాపం వాడు రెండు చేతుల్తో కిందికి లాక్కుంటూ నావైపు చూశాడు చూడు, ఆ చూపు ఇప్పటికీ గుర్తే.

మిల్లులో గుడ్డని పొడుగ్గా లాగి చుడతారు. నీళ్లు తగలగానే అది తన అసలు కొలతకొస్తుంది, పొడవు తగ్గుతుంది, వెడల్పు పెరగొచ్చు. నూటికి ఐదు తగ్గినా ఇరవై నాలుగు అంగుళాలకి అంగుళం పైనే పోయింది. నాది అంతకన్నా పోయింది. డబ్బంతా వెనక్కిచ్చాను, కమ్మలు తాకట్టు పెట్టి. మీ మామయ్య ఒక్క మాటనలేదు. మిగిలిన గుడ్డ బకెట్లో నానబెట్టి, ఫ్యాను కింద పరిచి, "ఇది నాకు కుట్టు" అన్నాడు. ఆ పసుపు బనియను తెల్లబడేదాకా తొడిగాడు. బీరువా కింది అరలో ఉంది, పారేయబుద్ధి కాలేదు.

అందుకని, కస్టమర్ ఎలా ఉతుకుతారో నువ్వూ అలాగే ముందు ఉతికి, నీడన పరిచి ఆరబెట్టు. తీగమీద వేలాడదీస్తే మళ్లీ సాగుతుంది. అడ్వాన్సు మాత్రం తీసుకోవద్దు, ఒట్టు. పది కుట్టి, అమ్మి, తర్వాత చూద్దాం.

కొలతలు కూడా జాకెట్టులా కాదు. డాట్లు, అదే ఒంటికి పట్టేలా వేసే మడత కుట్లు, ఉండవు, లూజు కలిపేది తక్కువ. నాలుగంగుళాలు పట్టుకుని లాగితే సులువుగా ఐదుకి రావాలి, ఆ సాగేవైపు ఒంటి చుట్టూ రావాలి. నిలువుగా పెట్టావా, తల పట్టదు. మెడ చుట్టు ఇరవై వస్తే పట్టీ పదిహేడే కోసి, కుట్టుకి కాస్త వదులు. ఇరవైకి ఇరవై కోస్తే మెడ దగ్గర అలలు లేచి, పాత నైటీలా వేలాడుతుంది. నూట ఎనభై జీఎస్ఎమ్ గుడ్డ, అంటే చదరపు మీటరు నూట ఎనభై గ్రాములు తూగేది, కిలోకి పెద్దవాళ్ల టీషర్టులు మూడో నాలుగో వస్తాయి, షాపువాడు ఆరంటే నమ్మకు.

రాత్రిళ్లు కూర్చుని కళ్లు పోగొట్టుకోకే. సూదుల ప్యాకెట్లు రెండు మీ నాన్నతో పంపుతున్నా. మొదటి టీషర్టు వాడికే కుట్టు. పొట్ట దగ్గర కొలత దాస్తాడు, ఊపిరి వదలమని చెప్పి అప్పుడు టేపు పెట్టు.

మీ అత్త