ఏఎస్/400 టీంలో వేశారు, ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాని. మా అమ్మాయి బీటెక్ ఈసీఈ చదివింది. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలైంది. ఏఎస్/400 అనే పాత సర్వర్ల టీంలో వేశారు. నల్ల తెర మీద పచ్చ అక్షరాలు చూస్తూ కూర్చోవడమే పని అని ఫోన్‌లో ఏడుస్తోంది. వచ్చే శనివారం రాత్రి సర్వర్‌కి కొత్త డిస్కులు చేర్చి, ‘డిస్క్ బ్యాలెన్సింగ్’ అని ఏదో చేయాలట. దానికి ఒకటే టెన్షన్. ఫ్రెండ్స్ అంతా క్లౌడ్, ఏఐ అంటున్నారు, తనూ మానేసి కోర్సులో చేరతానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే మానవద్దని చెప్పండి. కెరీర్ సలహాలు చెప్పడం మొదలుపెట్టకముందు నేను పదకొండేళ్లు ఇదే సర్వర్ల మీద పనిచేశాను. ఆ శనివారం రాత్రి పని ఏమిటో ముందు మీకు అర్థమైతే, మీ అమ్మాయితో మాట్లాడటం తేలికవుతుంది.

మీ దుకాణానికి ఎనిమిది గోడౌన్లు ఉన్నాయనుకోండి. అన్నీ 85 శాతం నిండిపోయాయి. ఓనరు గారు ఇంకో నాలుగు కట్టించారు. రేపటి నుంచి వచ్చే మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎక్కడ దించుతారు? జాగా ఉన్న కొత్త గోడౌన్లలోనే. కొనేవాళ్లు ఎక్కువగా అడిగేది కూడా నిన్నా మొన్నా వచ్చిన సరుకే. దాంతో లారీలు, హమాలీలు అంతా ఆ నాలుగు గుమ్మాల దగ్గరే గుమిగూడతారు. పాత ఎనిమిది గోడౌన్ల దగ్గర మనిషి ఉండడు. గోడౌన్లు పన్నెండైనా పని జరిగేది నాలుగింటిలోనే.

సర్వర్‌లో డిస్కులూ అంతే. ఈ మెషీన్‌లో ఏ ఫైలు ఏ డిస్కులో పెట్టాలో మనం చెప్పం. అదే ముక్కలు చేసి అన్ని డిస్కులకూ పంచుకుంటుంది. 1978లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/38 నుంచి ఇదే పద్ధతి, 1988లో వచ్చిన ఏఎస్/400కి అక్కడి నుంచే వచ్చింది. చాలా తెలివైన ఏర్పాటు. కానీ ఖాళీ డిస్కులు చేర్చగానే కొత్త డేటా వాటి వైపే మొగ్గుతుంది. పాతది ఎవరైనా కదిలిస్తే తప్ప ఉన్నచోటే ఉంటుంది.

ఈ విషయం నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఉద్యోగంలో రెండో ఏడు. మందులు సరఫరా చేసే ఒక కంపెనీ సర్వర్‌కి ఆదివారం నాలుగు డిస్కులు చేర్చాను. మొత్తం మీద నిండిన శాతం 85 నుంచి 57కి దిగింది. హమ్మయ్య అనుకుని ఇంటికి వెళ్లిపోయాను. పది రోజుల తర్వాత నెలాఖరు వచ్చింది. బిల్లు కొడితే తెర మీద గడియారం గుర్తు తిరుగుతూనే ఉందని కౌంటర్ల నుంచి ఒకటే ఫోన్లు. నిండిన శాతం చూస్తే అంతా బాగానే ఉంది. పక్కనున్న ‘బిజీ’ కాలమ్, అంటే ఏ డిస్కు ఎంత పనిలో మునిగి ఉందో చూపేది, మా సీనియర్ వేలు పెట్టి చూపించేదాకా నా కంట పడలేదు. కొత్త నాలుగూ 60 శాతం దాటి కొట్టుకుంటున్నాయి, పాతవాటిలో చాలావరకు 5 దగ్గరే ఉన్నాయి. ఆ రోజు ఆ బిల్లుల కోసం బయట ఆటో ట్రాలీలు ఎదురుచూస్తున్నాయి. ఆ ట్రాలీల్లో వెళ్లాల్సినవి మందులు.

అమ్మా, ఇక్కడి నుంచి నీకే చెబుతున్నాను.

శనివారం డిస్కులు చేర్చాక మీ సీనియర్ నీతో ‘స్టార్ట్ ఏఎస్పీ బ్యాలెన్స్’ కమాండ్ ఇప్పిస్తారు (ఏఎస్పీ అంటే డిస్కుల గుంపు). అందులో కెపాసిటీ అని ఇస్తే అన్ని డిస్కులూ ఒకే శాతం నిండేలా డేటా జరుగుతుంది. ఎనిమిది డిస్కులు 85 చొప్పున ఉండి, అదే సైజువి నాలుగు చేరితే, ఒక్కోటీ 57 దగ్గరికి వస్తుంది. కాగితం మీద నువ్వే లెక్క వేసి చూసుకో. సమానంగా నిండాయంటే పని కూడా సమానంగా పడుతుందని కాదు. ఐదేళ్ల కిందటి ఇన్వాయిసులు కొత్త డిస్కుకి వెళ్తే జాగా తీసుకుంటాయి కానీ, వాటిని తెరిచేవాళ్లు ఉండరు. అందుకే యూసేజ్ అని ఇంకో రకం బ్యాలెన్సింగ్ ఉంది. దానికి ముందు ట్రేస్ పెట్టాలి, ఏ డేటాని ఎక్కువగా వాడుతున్నారో సిస్టమ్ లెక్క రాసుకోవాలి. ఆ ట్రేస్ పనిరోజు, జనం వాడే వేళలోనే పెట్టించు. ఆదివారం పెడితే బ్యాకప్ జాబ్ ఏం చదివిందో అదే తెలుస్తుంది.

టైమ్ లిమిట్ ఇవ్వడం మర్చిపోవద్దు. నోమ్యాక్స్ అని వదిలేస్తే పని పూర్తయ్యేదాకా నడుస్తూనే ఉంటుంది, సోమవారం ఉదయం బిల్లింగ్‌కి అడ్డం తగలొచ్చు. నిమిషాల్లో లిమిట్ ఇస్తే ఆ టైమ్‌కి ఆగుతుంది, మిగిలింది మరో రాత్రి చేసుకోవచ్చు. శనివారానికి ముందే ఒక పనిరోజు పదకొండు గంటలకి డిస్క్ స్టేటస్ తెర తీసి, ఎఫ్10 నొక్కి లెక్క మళ్లీ మొదలుపెట్టు, ఐదు నిమిషాలు ఆగి ఎఫ్5 నొక్కు. ప్రతి డిస్కుకీ నిండిన శాతం, బిజీ శాతం నోట్‌బుక్‌లో రాసుకో. సోమవారం పదకొండు గంటలకి మళ్లీ రాయి. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుంటే ఏది మారిందో నీకే తెలుస్తుంది.

నువ్వు చేరాలనుకుంటున్న క్లౌడ్‌లోనూ, మిగతా సిస్టమ్స్‌లోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఒరాకిల్ డేటాబేస్‌కి డిస్కులు చూసుకునే ఏఎస్ఎంలో డిస్కు చేర్చగానే రీబ్యాలెన్స్ దానంతటదే మొదలవుతుంది, కానీ అది చూసేది జాగానే, ఏ డిస్కు ఎంత బిజీ అనేది కాదు. చాలా మెషీన్లకి డేటా పంచి పెట్టే హడూప్‌లో కొత్త మెషీన్ చేరిస్తే బ్యాలెన్సర్‌ని మనమే నడపాలి, డీఫాల్ట్‌గా 10 శాతం తేడాని అది పట్టించుకోదు. క్లౌడ్‌లో డిస్కు కంటికి కనిపించదు, ఐఓపీఎస్ (సెకనుకి ఎన్నిసార్లు చదివింది, రాసింది) అని బిల్లులో కనిపిస్తుంది. పని ఎక్కడ గుమిగూడుతోందో వెతికి పట్టుకునే మనిషిని ఏ టీం అయినా వదులుకోదు. అది కోర్సులో రెండు స్లైడ్లలో చెప్పేస్తారు. ఇక్కడ నీ చేతిలో నిజంగా నడుస్తున్న వ్యాపారం ఉంది.

పాత సర్వర్ అని మీ నాన్నగారు అన్నారు కదా. దాని ఆపరేటింగ్ సిస్టమ్‌కి 2008 నుంచి ఐబీఎం ఐ అని పేరు, 7.6 వెర్షన్ 2025లో వచ్చింది. బ్యాంకులు, ఇన్సూరెన్స్, గిడ్డంగుల వ్యాపారం ఇంకా దీని మీద నడుస్తున్నాయి. అయినా దాచకుండా చెప్తాను, జావాతో పోలిస్తే ఇందులో ఉద్యోగాలు తక్కువ, నైట్ షిఫ్టులు ఎక్కువ. ఫ్లాష్ డిస్కులు, బయటి స్టోరేజ్ బాక్సులు వచ్చాక ఈ బ్యాలెన్సింగ్ అవసరం కూడా తగ్గుతోంది. కాబట్టి ఈ ఒక్క కమాండ్‌నే నమ్ముకోకు. ఇంకో పది నెలలు టైమ్ పెట్టుకో. ఆ లోపల బ్యాకప్ తీయడమే కాదు, రిస్టోర్ కూడా నీ చేత్తో ఒక్కసారైనా చేయి. ఈ మెషీన్‌లోని డేటాబేస్ డీబీ2 మీద ఎస్‌క్యూఎల్ రాయి. ఇక్కడి కమాండ్ల భాష సీఎల్‌లో ప్రోగ్రాములు రాయి. ఇంటి దగ్గర లైనక్స్ నేర్చుకో. పబ్400 అని ఉచితంగా అకౌంట్ ఇచ్చే సర్వర్ ఒకటుంది, అందులో డిస్కులు ముట్టుకోనివ్వరు కానీ ఎస్‌క్యూఎల్, సీఎల్ ప్రాక్టీస్ చేయొచ్చు. పది నెలలయ్యాక కూడా అలర్ట్ వస్తే టికెట్ రాసి పైకి పంపడమే నీ పని అయితే, అప్పుడు మారు. మారమని నేనే చెబుతాను.

గుమస్తా గారూ, డబ్బు కట్టి కోర్సులో చేర్చే ఆలోచన అప్పటిదాకా ఆపండి. ఆదివారం మధ్యాహ్నం దాకా అమ్మాయికి ఫోన్ చేయకండి, రాత్రంతా మేలుకుని ఉంటుంది. సోమవారం సాయంత్రం చేసి, బిజీ శాతం ఎంతకి దిగిందని అడగండి.