తుపాను నెలల ముందు కొత్త కార్యదర్శికి

చి.ల.సౌ. అరుణకు పెదనాన్న ఆశీస్సులు.

మధురవాడలో మీ అపార్ట్‌మెంటు ఓనర్ల సంఘానికి నువ్వు కార్యదర్శివి అయ్యావనీ, అక్టోబరు, నవంబరు తుపానులకు భవనాన్ని సిద్ధం చేసే బాధ్యత నెత్తికెత్తుకున్నావనీ మీ అమ్మ చెప్పగా విన్నాను. గర్వంగా ఉంది. నిన్ను ఈ పనికి ఒప్పించినవాళ్ల మీద కొంచెం కోపంగానూ ఉంది.

జనరేటరుకు డీజిలు, టార్చిలైట్లు, మందులు, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల పేర్ల జాబితా వంటివి నీకు ఒకరు చెప్పనక్కరలేదు. జిల్లా కంట్రోలు రూము నంబరు 1077 లిఫ్టు పక్కన అంటించు. వాతావరణ శాఖ 48 గంటల ముందే అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు గట్టి హెచ్చరిక ఇస్తుంది. నీ పనులన్నీ ఆ మొదటి కబురుతోనే మొదలు కావాలి, రెండోది వచ్చేసరికి ముగిసిపోవాలి.

మేడ మీదకు మాత్రం నువ్వే స్వయంగా ఎక్కి చూడు. వాననీటి గొట్టాల మూతుల దగ్గర వేపాకు, పాలిథిన్ సంచులు పేరుకుని ఉంటే, నీరు పోయే దారి లేక పై అంతస్తు వాళ్ల ఇళ్లలోకి దిగుతుంది. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకును గాలి ఎత్తుకుపోగలదు. నిండుగా ఉన్నది బరువుకు నిలుస్తుంది, పైగా కరెంటు పోయాక మీకు దిక్కయ్యేది ఆ నీళ్లే. 2014లో మన విశాఖ మీద విరుచుకుపడిన హుద్‌హుద్ తుపాను తరువాత చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు రాలేదు, మంచినీళ్ల డబ్బా కోసం మనుషులు వరుసలు కట్టారు. సంపు మూత బిగించి, లిఫ్టును పై అంతస్తులో ఆపి మెయిను తీసేయించు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. 2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దుటి నుంచీ గాలికి అల్యూమినియం కిటికీల చట్రాలు లోపలికి ఉబ్బుతుంటే, సందుల్లో తువ్వాళ్లు కుక్కి, సోఫాలు అడ్డం పెట్టి కూర్చున్నాము. మధ్యాహ్నానికి గాలి ఒక్కసారిగా ఆగిపోయింది, ఆకాశం తెల్లబడింది. అందరూ బతికాము రా దేవుడా అనుకున్నారు. గేటుకు అడ్డంగా పడిన చెట్టు కొమ్మలు నరకమని మా కమిటీ వాచ్‌మన్‌ను పంపింది. కార్ల గతి చూసుకోవడానికి మరికొందరు కిందికి దిగారు. తుపాను కన్ను, అంటే గాలి నెమ్మదించే దాని నడిమి భాగం, అప్పుడు సరిగ్గా మన ఊరి మీద ఉన్నదని ఎవరికీ తట్టలేదు. మన వైపు తుపాను గాలి ఆ కన్ను చుట్టూ గడియారానికి ఎదురుగా తిరుగుతుంది కనుక, కన్ను దాటగానే అంతదాకా కొట్టిన దిక్కుకు సరిగ్గా ఎదుటి దిక్కు నుంచి, గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు వేగంతో మళ్లీ విరుచుకుపడింది. పక్క మేడ మీది షెడ్డు రేకు ఒకటి ఎగిరివచ్చి వాచ్‌మన్ భుజాన్ని చీల్చింది. ఫోన్లు మూగబోయాయి, రోడ్ల నిండా చెట్లు పడ్డాయి; రెండో అంతస్తులో ఉండే పళ్ల డాక్టరే కట్టు కట్టి రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నాడు. ఆ వాచ్‌మన్ ఇప్పటికీ ఆ చేయి పైకెత్తలేడు, మేమిచ్చిన పరిహారం ఏమాత్రమూ సరిపోలేదు.

కాబట్టి గాలి ఆగినా గేటు తాళం తియ్యకూడదని, తుపాను దాటిపోయిందని అధికారులు ప్రకటించేదాకా ఎవరూ మెట్లు దిగకూడదని ముందే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించు. ఆ క్షణంలో చెబితే ఎవరూ వినరు, కార్ల మీద ప్రేమ అలాంటిది. పొద్దున నిలిచిన కిటికీలను చూసి ధీమా పడవద్దని, అవతలి వైపు గదులు కూడా ఖాళీ చేసి నడవలోకి రావాలని చెప్పించు.

మీ వాచ్‌మన్ కుటుంబం ఎక్కడ పడుకుంటుంది? సెల్లారులోనే అయితే, కొండ వాలు నీరు ముందు దిగేది అక్కడికే. గాలి మొదలు కాకముందే వాళ్లను పై అంతస్తులోకి, ఏ ఇంటికో ఇప్పుడే నిర్ణయించి, పిల్లలతో సహా చేర్చాలి. ఎవరూ ముందుకు రాకపోతే నీ హాలు ఇవ్వు తల్లీ. మీ ఆయనతో నేను మాట్లాడతాను.

మీ బాల్కనీ గోడ మీద పదిహేను పూలకుండీలు వరుసగా ఉన్న ఫొటో మీ అమ్మ మొన్న పంపింది. ముందు వాటిని దింపు, ఆ తరువాతే సర్క్యులర్ పంపించు.

ఇట్లు,
మీ పెదనాన్న