బండి అమ్మాక చలాన్లు ఎవరికి?

ప్రశ్న: మా పాత యాక్టివాని మావారి ఆఫీసులో తెలిసినవాళ్ల తమ్ముడికి అమ్ముతున్నాం. డబ్బు మొత్తం ఒకేసారి ఇస్తాడట. ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చేస్తే పేరు మార్పు తర్వాత చూసుకుంటానంటున్నాడు. గట్టిగా అడిగితే నమ్మలేదనుకుంటాడేమోనని మొహమాటం.
- ఓ పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, సెకండ్ హ్యాండ్ బేరంలో కొనేవాడికే రిస్కని అందరూ అనుకుంటారు. బండి విషయంలో అమ్మినవాళ్లకే ఎక్కువ. చిక్కడపల్లిలో మా పక్కింటాయన ఇలాగే మాట మీద అమ్మేశాడు. ఆ తర్వాత హెల్మెట్ లేదని, సిగ్నల్ దాటాడని చలాన్లన్నీ ఈయన ఫోన్‌కే, ఫొటోలతో సహా. కొన్న కుర్రాడు ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో వాళ్లమ్మ కంటే ఈయనకే బాగా తెలిసేది!

చలాన్లయితే నవ్వుకోవచ్చు, యాక్సిడెంటయితే కాదు. పలు చేతులు మారిన ఒక కారు కేసులో, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్ట్రేషన్‌లో పేరున్నాయన ఆ కారు ఎప్పుడో అమ్మేశాడు, అయినా తప్పలేదు.

చట్టం కూడా ముందు మిమ్మల్నే అడుగుతుంది. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు ఆర్టీవోకి తెలపాలి. కొన్నవాళ్లకి 30 రోజుల గడువు. మీరిచ్చేది ఫారం 29, పేరు మార్పు దరఖాస్తు ఫారం 30. ఖాళీ ఫారాల మీద మాత్రం సంతకం పెట్టొద్దు. కొనే అబ్బాయి పేరు, చిరునామా, తేదీ మీ ఎదుటే నింపాలి. బండి ఏ రోజు, ఎన్ని గంటలకు అప్పగించారో ఓ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేసి, అతని ఆధార్ జిరాక్స్ జత చేసుకోండి. లోన్ మీద కొన్న బండైతే బ్యాంకు ఎన్‌ఓసీ, రిజిస్ట్రేషన్‌లోంచి లోన్ నమోదు తీసేయించే ఫారం 35 ముందే సిద్ధం చేసుకోండి.

డబ్బు సంగతి: స్క్రీన్‌షాట్ చూసి తాళాలివ్వకండి, మీ ఖాతాలో పడిందో లేదో చూడండి. డబ్బు మీకు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు.

ఇక మొహమాటం. నెపం మీవారి మీద వేసేయండి: "తమ్ముడూ, ఆయనకి చాదస్తం, స్లాట్ బుక్ చేస్తే నేనే ఆర్టీవో ఆఫీసుకి వస్తా" అనండి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోగా తన పేరున మార్పించుకోవాలని గుర్తుచేయండి, అది అతని మంచికే. అప్పటికీ "తర్వాత చూద్దాం లే అక్కా" అంటే, బండి ఇంకో వారం మీ సెల్లార్‌లోనే ఉండనివ్వండి. యాక్టివాకి హైదరాబాద్‌లో మరో బేరం రాకపోదు.