సముద్రం దగ్గర ఇల్లు: ఉప్పు ఎక్కడ నిలుస్తుందో చూసుకుని డిజైన్ చేయించుకోండి

సముద్రానికి బాగా దగ్గర్లో స్థలం తీసుకున్నామని, సముద్రం వైపంతా పెద్ద అద్దాలు, స్టీల్ రెయిలింగ్‌తో బాల్కనీ పెట్టుకోవాలని ఉందని, తుప్పు పడుతుందని అందరూ భయపెడుతున్నారని, డిజైన్‌లోనే ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు. నేను అలాంటి ఇంట్లోనే పెరిగాను, ఇప్పుడు ఆ ఇంటి రిపేర్లన్నీ దగ్గరుండి చేయించేది నేనే, కాబట్టి కళ్లారా చూసిందే చెబుతాను.

తుప్పు భయం నిజమే, అయితే అది మొదలయ్యేది వాన బాగా కొట్టే చోట కాదు. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో కొట్టుకొచ్చి ఇంటి మీద ఉప్పుగా పేరుకుంటుంది. బయటి గోడల మీది ఉప్పును వాన కడిగేస్తుంది. సన్‌షేడ్ అడుగు, బాల్కనీ స్లాబు అడుగు, మెట్ల కింద, గ్రిల్ వెనక వైపు వాన తగలదు, ఉప్పు మాత్రం చేరుతుంది. పైగా గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పే నీటిని పీల్చుకుంటుంది, అంటే వానలు లేని రోజుల్లో కూడా అక్కడ చెమ్మ ఆరదు. మా ఇంటి పిట్టగోడ ఎండకీ వానకీ చెక్కుచెదరలేదు, దాని కింద ఉన్న సన్‌షేడ్ అడుగున మాత్రం ముందు సన్నటి బీట, ఆ బీట వెంబడి గోధుమరంగు మరక, సుత్తితో తడితే డొల్ల శబ్దం. పెచ్చు ఊడదీయిస్తే లోపలి చువ్వ పొరలు పొరలుగా రాలి చేతికొచ్చింది.

అందుకే ప్లాన్‌లో ప్రతి భాగాన్నీ ఒకే ప్రశ్న వేసి చూడండి: దీన్ని వాన కడుగుతుందా, లేకపోతే పైపు పట్టి మనం కడగగలమా? రెండూ కుదరకపోతే అది లేకుండానే డిజైన్ ఇమ్మని ఆర్కిటెక్ట్‌ని గట్టిగా అడగండి. అందం కోసం పెట్టే పలచటి కాంక్రీటు రెక్కలు, చేయి దూరని సందులు, ఇనుప జాలీలు ఇలాంటివే. ప్రతి అంతస్తులో, బయటి వైపు కూడా, మంచినీళ్ల కుళాయి ఉండాలి. తర్వాత పెట్టిద్దాంలే అనుకుంటే కడగడం అనేదే జరగదు.

కాంక్రీటు దగ్గర మాత్రం అస్సలు రాజీ పడకండి. రంగు మళ్లీ వేయించుకోవచ్చు, కిటికీ మార్చుకోవచ్చు, స్లాబు లోపలి చువ్వను మార్చలేం. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్ల దాకా చోటు ఆక్రమిస్తుంది, పెచ్చులు ఊడేది ఆ ఒత్తిడికే. చువ్వకి, బయటి గాలికి మధ్య ఉండే కాంక్రీటు మందాన్నే కవర్ అంటారు. మామూలుగా స్లాబులకి 20, 25 మిల్లీమీటర్లతో సరిపెడతారు, సముద్రం గాలికి నేరుగా ఎదురయ్యే భాగాలకి 45 అయినా ఉండాలి. కాంక్రీటు ఎం30కి (ఇది కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడ్) తగ్గకూడదు, బరువులో నీరు–సిమెంట్ నిష్పత్తి 0.45 దాటకూడదు. స్లాగ్ (ఇనుము కొలిమి చిట్టెం) కలిసిన సిమెంట్ గానీ ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన సిమెంట్ గానీ వాడితే ఉప్పు లోపలికి దిగడం బాగా నెమ్మదిస్తుంది, కాకపోతే క్యూరింగ్, అంటే నీళ్లతో తడిపి ఉంచడం, ఎక్కువ రోజులు చేయాలి. కలపడానికైనా తడపడానికైనా ఉప్పునీళ్లు వద్దు, సముద్రపు ఇసుక అసలే వద్దు. స్లాబు పోసే రోజు పొద్దున్నే మీరే సెంట్రింగ్ ఎక్కి కవర్ బ్లాకులు (చువ్వల కింద కవర్ మందానికి పెట్టే దిమ్మలు) చూసుకోండి. రాళ్ల ముక్కలు, టైల్ పెంకులు పెట్టి కానిచ్చేస్తామంటే ఒప్పుకోకండి, పని ఆపించండి. ఎపాక్సీ పూత వేసిన చువ్వలు కూడా ఉన్నాయి గానీ, మోసేటప్పుడో వంచేటప్పుడో పూత గీరుకుపోతే తుప్పంతా ఆ గీత దగ్గరే తినేస్తుంది. నా మాట వింటే ఆ డబ్బు కవర్ మీద, మంచి కాంక్రీటు మీద పెట్టండి.

లోహాల విషయానికొస్తే, స్టెయిన్‌లెస్ స్టీల్ అంతా ఒకటి కాదు. 304 రకానికి ఉప్పు గాలిలో టీ మరకల్లాంటివి వచ్చేస్తాయి. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి అది చాలా మెరుగు. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండిటికీ తేడా తెలియదు, బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. నున్నగా పాలిష్ చేసినదే తీసుకోండి, గరుకుగా ఉంటే ఉప్పు పట్టుకుంటుంది. అల్యూమినియం ఫ్రేముకి స్టీల్ స్క్రూ నేరుగా బిగిస్తే స్క్రూ చుట్టూ తెల్లటి పొడి రాలుతూ అల్యూమినియం తినుకుపోతుంది, మధ్యలో నైలాన్ వాషర్ వేయించండి. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలకి తుప్పు లేదు నిజమే, కానీ వాటి బందులు, గడియలు, లోపల బిగించే స్టీలు సంగతి ఎవరూ చెప్పరు, అడిగి కనుక్కోండి.

పెద్ద అద్దాలు పెట్టుకోండి, కానీ గోడంతా ఒకే పలక వద్దు. తుఫాను గాలిలో ఎదురుగా ఉన్న అద్దం పగిలితే గాలి లోపలికి దూరి పైకప్పును కింది నుంచి తోస్తుంది, బయట అదే గాలి కప్పును పైకి లాగుతుంటుంది. కప్పులు లేచిపోయేది చాలాసార్లు ఇలాగే. కాబట్టి లామినేటెడ్ గ్లాసు (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండి, పగిలినా ముక్కలు ఊడిపడనిది), దాని బయట మూసుకోవడానికి గట్టి షట్టర్లు. ఏటవాలు కప్పు వేస్తే నాలుగు వైపులా వాలుగా ఉండేది మేలు, చూరు మరీ బయటికి సాగకూడదు, కప్పు నుంచి పునాది దాకా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి.

పగలు గాలి సముద్రం మీద నుంచి, రాత్రి నేల మీద నుంచి వీస్తుంది. కిటికీలు రెండు వైపులా ఎదురెదురుగా ఉంటే రోజంతా ఇల్లు ఆరుతూ ఉంటుంది. అల్మారాలు బయటి గోడకి ఆనించి కట్టించకండి, బట్టలకి బూజు పట్టేది అక్కడే. ఉప్పెన, వరద ముప్పున్న చోటైతే పునాది ఎత్తు, ప్లగ్ పాయింట్ల ఎత్తు ఆ ప్రాంతంలో ఇంతకుముందు నీళ్లు వచ్చిన మట్టం కంటే పైనే ఉండాలి. ఏసీ బయటి యూనిట్‌ని సముద్రం వైపు కాకుండా ఇంటి వెనక, చేతికి అందే ఎత్తులో పెట్టించండి.

ఇక మీ బాల్కనీ రెయిలింగ్. నేనైతే నడుం ఎత్తు వరకు ఇటుక గోడే కట్టి, పైన ఒకే ఒక్క 316 పైపు పెడతాను. సముద్రం కూర్చుంటే కూడా కనపడాలంటే స్టీల్ రెయిలింగే పెట్టుకోండి, కానీ వెల్డింగ్ అతుకులు తక్కువగా, ప్రతి ముక్కా బోల్టు విప్పి విడిగా మార్చుకునేలా చేయించండి, స్తంభాలు స్లాబులోకి పాతకుండా పైన ప్లేట్ మీద నిలబెట్టమనండి.