భార్య బిడ్డతో పుట్టింట్లో ఉంటే, తండ్రికి బిడ్డను చూసే హక్కు ఉంటుందా?

మీరు భీమవరంలో, ఆవిడ నాలుగేళ్ల బాబుతో అమలాపురంలో పుట్టింట్లో, చూడనివ్వట్లేదు కాబట్టి డబ్బులు ఆపేయొచ్చా అని కదా అడిగారు. దయచేసి ఆపకండి. బిడ్డ పోషణ వేరు, చూడటం వేరు, ఒకటి ఆగిందని రెండోది ఆపితే నష్టపోయేది బాబే, కోర్టులో మీ మాటకీ విలువ తగ్గుతుంది.

1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం (మైనారిటీ అంటే ఇక్కడ మైనర్ వయసు) ప్రకారం ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. అంతమాత్రాన తండ్రి పరాయివాడు అయిపోడు. బిడ్డకు అమ్మానాన్నలిద్దరి ప్రేమా దక్కాలని, దూరంగా ఉన్నవాళ్లకు వీడియో కాల్ అయినా ఉండాలని సుప్రీంకోర్టు 2020లో యశితా సాహు కేసులో స్పష్టంగా చెప్పింది.

బాబు మామూలుగా ఉంటున్న ఊరు ఏ కోర్టు కిందికి వస్తుందో అక్కడ గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం (మైనర్ పిల్లల సంరక్షణ చట్టం) కింద పిటిషన్ వేసి, కేసు తేలేదాకా చూసేందుకు మధ్యంతర ఉత్తర్వు కూడా అడగండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది: "అప్పుడప్పుడూ చూడనివ్వాలి" అని రాయించుకుంటే మళ్లీ గొడవే. ఆదివారం పది నుంచి ఐదు, అప్పగించేది ఎవరు, ఎక్కడ, కాల్ ఎన్నింటికి, సంక్రాంతి సెలవుల్లో ఏ రోజులు మీవి, కనుమ నాడు ప్రభల తీర్థానికి ఎవరు తీసుకెళ్తారు, అన్నీ రాయించండి. ఈలోగా పెద్దమనుషుల్ని వెంటేసుకుని వాళ్ల గుమ్మం ముందు కేకలు మాత్రం వేయొద్దు, అది చూసేది బాబే.