కారం తగ్గించం కదా, మరి ఏ సీసా కొనాలి?

మొన్న పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి విజయనగరం వచ్చాను. మంగళవారం సాయంత్రం గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరగడం కళ్లారా చూశాం. మర్నాడు రాత్రి డాబా మీద కూర్చుంటే మా మేనల్లుడూ వాడి స్నేహితులిద్దరూ చుట్టూ చేరారు. ముగ్గురికీ డాలస్‌లో ఉద్యోగాలొచ్చాయి. అద్దె ఇల్లు, కారు, క్రెడిట్ కార్డు, అన్ని సందేహాలూ అయ్యాక టెక్కలి కుర్రాడు గొంతు తగ్గించాడు. "మావయ్యా, అక్కడ శనివారం నలుగురం కూర్చుంటే ఏటి కొనాల? షాపు నిండా సీసాలే ఉంటాయట, ఏది మంచిదో ఎలా తెలుస్తాది?"

20 ఏళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాను. కొత్తగా దిగిన కుర్రాళ్లు ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. అడగక, ఖరీదుని బట్టి కొనేసి డబ్బు పోగొట్టుకుంటారు. అందుకే ఆ రాత్రి చెప్పిందంతా రాస్తున్నాను.

టెక్సాస్‌లో వైనూ బీరూ సూపర్‌మార్కెట్లోనే దొరుకుతాయి. విస్కీకి మాత్రం లిక్కర్ స్టోర్‌కి వెళ్లాలి. అది ఆదివారం తెరవరు, మిగతా రోజుల్లో రాత్రి 9కే మూసేస్తారు. మీకు 21 నిండాయని చూపించే గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. అక్కడి లైసెన్సు చేతికొచ్చేదాకా పాస్‌పోర్టే దిక్కు.

ఇక విస్కీ. మనకి ఇక్కడ అలవాటైన చవక విస్కీల్లో చాలావాటికి ఆధారం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. అక్కడ ధాన్యం నుంచి తీస్తేనే విస్కీ. అక్కడి విస్కీల్లో ముఖ్యమైన బోర్బన్ అంటే కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలవ ఉంచాలి. ఆ తియ్యటి వాసన ఆ పీపా కర్రదే.

లేబుల్ మీద చట్టం కాపలా కాసే మాటలు కొన్ని, అందానికి రాసుకున్నవి కొన్ని. ఈ తేడా తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది. "స్ట్రెయిట్" అని ఉంటే పీపాలో కనీసం 2 ఏళ్లు ఉన్నట్టు. 4 ఏళ్లు నిండకపోతే ఆ వయసు లేబుల్ మీద రాసి తీరాలి. అంటే స్ట్రెయిట్ అని ఉండి వయసు రాయలేదంటే 4 ఏళ్లకి తక్కువ కాదన్నమాట. ఇంతకన్నా గట్టి మాట "బాటిల్డ్ ఇన్ బాండ్". ఆ రోజుల్లో రంగులూ రుచులూ కలిపి విస్కీ అని అమ్ముతుంటే, 1897లో చట్టం తెచ్చారు. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్లో తీసిన సరుకై ఉండాలి, 4 ఏళ్లు ప్రభుత్వ అదుపులో ఉండే బాండెడ్ గోదాములో ఉండాలి, సరిగ్గా 100 ప్రూఫ్ ఉండాలి. ప్రూఫ్‌లో సగం ఆల్కహాల్ శాతం, అంటే 50. ఇవాన్ విలియమ్స్ తెల్ల లేబుల్ ఈ రకమే, చవకైనదీ. నలుగురు కూర్చునే చోట నా చెయ్యి ముందు దాని మీదకే పోతుంది. 40 శాతం సీసా కన్నా ఇందులో నాలుగోవంతు ఎక్కువ ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి పోసేటప్పుడు తగ్గించి, నీళ్లు పెంచండి. "స్మాల్ బ్యాచ్", "రిజర్వ్" లాంటి మాటలకి అమెరికా విస్కీ మీద చట్టం చెప్పే అర్థమేమీ లేదు. వాటికి అదనంగా డబ్బు పెట్టకండి.

స్కాచ్‌లో 12 అని ఉంటే, అందులో కలిపిన వాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసది. సోడా కలిపే గుంపుకి సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో తీసినది, కొనొద్దు; పలు డిస్టిలరీల విస్కీలు కలిపిన బ్లాక్ లేబుల్ లాంటి బ్లెండెడ్ చాలు. సింగిల్ మాల్ట్ ఇద్దరు మనుషులు తీరిగ్గా కబుర్లు చెప్పుకునే రోజుకి.

వైన్ దగ్గరే మనవాళ్లు ఎక్కువ దెబ్బతింటారు. నేను వెళ్లిన మొదటి దసరాకి ఓ స్నేహితుడి ఇంట్లో గోంగూర మటన్ వండారు. షాపులో ఎవరో చెప్పారని 45 డాలర్లు పెట్టి ఎర్ర కాబర్నే సొవిన్యో పట్టుకెళ్లాను. ఒక గుక్క తాగేసరికి అందరికీ నోరు మండిపోయింది. మంచి వైనే, కానీ పక్కన ఉన్న కూర వేరు. పలాస వైపు వాళ్లకి వగరంటే వివరించక్కర్లేదు, జీడిమామిడి పండు కొరికితే గొంతు పట్టేస్తుంది చూడండి. ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్కలూ గింజల నుంచి వచ్చేదీ అలాంటి వగరే. ఆ వగరూ, ఎక్కువ ఆల్కహాలూ కారాన్ని రెచ్చగొడతాయి. కాస్త తీపి, చల్లదనం దాన్ని అణుస్తాయి.

అందుకని మన కూరలకి కొద్దిగా తీపి ఉన్న రీస్లింగ్ అనే తెల్ల వైన్ కొనండి. జర్మనీదైతే లేబుల్ మీద "కాబినెట్" అనే మాట వెతకండి, ఆల్కహాల్ 8 నుంచి 10 శాతం దగ్గర ఉన్నదైతే సాధారణంగా తీపి ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రపు రీస్లింగ్ ఇంకా చవక. వంజరం వేపుడుకీ, మిరపకాయ బజ్జీలకీ బుడగలొచ్చే స్పెయిన్ వైన్ కావా బాగుంటుంది. షాంపేన్ లాగే సీసాలోనే రెండోసారి పులియబెడతారు, ధర మాత్రం చాలా తక్కువ. ఎర్రదే కావాలంటే వగరు తక్కువుండే స్పెయిన్ గర్నాచా. అక్కడి రియోహా ఎర్ర వైన్ మీద "క్రియాన్సా" అని ఉంటే 2 ఏళ్లు నిలవ ఉంచినట్టు, అందులో ఒక ఏడాది ఓక్ పీపాలో. ఇది చట్టం కాపలా కాసే మాటే. ఎర్ర వైన్‌ని కూడా పోసే ముందు 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, టెక్సాస్ వేసవిలో గది వేడి దానికి పనికిరాదు.

ఇదొక్కటీ బాగా వినండి బాబూ. అక్కడ ఒక డ్రింక్ అంటే 40 శాతం విస్కీ 44 మిల్లీలీటర్లు. మన పెద్ద పెగ్గు 60. బాండ్ విస్కీ 60 పోస్తే ఒకటిన్నర డ్రింకు దాటిపోతుంది. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉండి బండి నడిపితే టెక్సాస్‌లో కేసు. తాగి నడిపారని అరెస్టయితే, కోర్టు తేల్చకముందే వీసా రద్దు కావచ్చు. కాబట్టి ఎవరింట్లో కూర్చుంటే ఆ రాత్రి అక్కడే చాపలేసుకుని పడుకోండి. మూత తీసిన సీసా కారులో మనుషులు కూర్చునే చోట పెట్టడం కూడా నేరమే, డిక్కీలో పెట్టండి. తాగని వాడుంటే వాడికి అల్లం సోడానో నిమ్మసోడానో ముందే తెచ్చి ఉంచండి, రెండోసారి అడగకండి.

లేచేముందు టెక్కలి కుర్రాడు ఇంకొకటి అడిగాడు. "నాన్నకి ఏటి తెమ్మంటారు?" మన దేశానికొచ్చే ఒక్కో ప్రయాణికుడు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అక్కడి 750 సీసాలు రెండు తెస్తే అర లీటరు వదులుకున్నట్టే. దారిలో డ్యూటీ ఫ్రీలో లీటరు సీసాలు రెండు తీసుకోవడం మేలు. వాళ్ల నాన్న నీళ్లు తప్ప ఏదీ కలపరట. అయితే ఒక సింగిల్ మాల్ట్, 12 ఏళ్లది.