ఆ ఎనిమిది ఎఫ్‌లు

అమ్మలూ,

లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌కు సస్పెండ్ (మెషీన్‌తో పాటు నిద్రపోవడం), రిజ్యూమ్ (మళ్లీ లేవడం) రాసే పని నీకే అప్పజెప్పారని మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. గర్వంతో కాసేపు మాట రాలేదు. ఆ తర్వాత నిద్రా పట్టలేదు.

తెలిసినవి గబగబా చెప్పేస్తాను. ముందు ప్యాకెట్ల క్యూలు, డీఎంఏ (కార్డు నేరుగా మెమరీని తాకడం) ఆపు, తర్వాతే పవర్ సంగతి. రిజ్యూమ్‌లో చిప్‌కు తన రిజిస్టర్లలోని, అంటే సెట్టింగులుండే గళ్లలోని, పాత విలువలు గుర్తుంటాయనుకోకు, అన్నీ మళ్లీ రాయి. రన్‌టైమ్ పీఎంలో (మెషీన్ నడుస్తుండగానే ఖాళీగా ఉన్న డివైస్‌ను నిద్రపుచ్చే ఏర్పాటు) డివైస్‌ను లేపే గెట్ సింక్ ఫెయిలైనా వాడకం లెక్క ఒకటి పెరిగే ఉంటుంది, తగ్గించడం మర్చిపోకు.

ఇక నాకు టెన్షన్ పెడుతున్న విషయం. నువ్వు పుట్టిన ఏడాది బెంగళూరులో ఇలాంటి కార్డుకే డ్రైవర్ రాశాను. సస్పెండ్‌లో పవర్ తీసేశాను, ఇంటరప్ట్ (డివైస్ ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) వస్తే నడిచే హ్యాండ్లర్‌ను మాత్రం అలాగే వదిలేశాను. నేను టెస్ట్ చేస్తే ఎప్పుడూ బాగానే ఉండేది. పక్క సీటు కుర్రాడు చేస్తే రోజుకోసారి మెషీన్ బిగుసుకుపోయేది. స్క్రీన్ నల్లగా, ఫ్యాన్ మాత్రం తిరుగుతూ. మూడు వారాలు అతన్నే అనుమానించాను, విసుక్కున్నాను కూడా. చివరికి సీరియల్ కేబుల్ పెట్టి చూస్తే ఆఖరి లైన్లో స్టేటస్ రిజిస్టర్ విలువ కనబడింది: వరసగా ఎనిమిది ఎఫ్‌లు, అంటే ముప్పై రెండు బిట్లూ ఒకట్లే.

ఆ కుర్రాడికి సస్పెండ్ నొక్కాక మౌస్ కదిపే అలవాటు. యూఎస్‌బీ కంట్రోలర్‌ది, నా కార్డుదీ ఒకటే ఇంటరప్ట్ లైన్. దాని ఇంటరప్ట్‌కు నా హ్యాండ్లర్‌నూ పిలిచేవారు. పవర్ లేని కార్డును చదివితే అన్నీ ఒకట్లే వస్తాయి. ప్యాకెట్ వచ్చిందన్న బిట్ కూడా ఒకటే కదా, అది సున్నా అయ్యేదాకా నా లూప్ తిరుగుతూనే ఉండేది.

ఆ మూడు వారాల్లోనే రాజమండ్రిలో నీ చెవులు కుట్టించారు. మేనమామ ఒళ్లో కూర్చోవాల్సిన దానివి, తాతయ్య ఒళ్లో కూర్చున్నావు. ఆ ఫోటోలో నీ ఏడుపు మొహం చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకని చెప్తున్నాను, విను. ముందు కార్డులోనే ఇంటరప్ట్ మూసెయ్యి. సింక్రనైజ్ ఐఆర్‌క్యూ (ఐఆర్‌క్యూ అంటే ఇంటరప్టే) పిలిచి, నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగు. డిసేబుల్ ఐఆర్‌క్యూ జోలికి పోకు, పంచుకున్న లైనైతే పక్క డివైస్ కూడా మూగబోతుంది. హ్యాండ్లర్‌లో అన్నీ ఒకట్లు కనబడితే ఐఆర్‌క్యూ నన్, అంటే ఇది నాది కాదు అని వెనక్కి వచ్చెయ్యి. కార్డును డీ3 అనే గాఢనిద్రలోకి పంపడం, హ్యాండ్లర్లు ఆగిపోయాక వచ్చే నోఐఆర్‌క్యూ దశలో కెర్నెల్‌లోని పీసీఐ కోర్ చూసుకుంటుంది, నువ్వు తొందరపడకు. ఇప్పుడు ఎంఎస్ఐ (లైను పంచుకోకుండా సందేశంగా వచ్చే ఇంటరప్ట్) ఉంది కదా మామయ్యా అంటావు. ఎంఎస్ఐ దొరకని బోర్డు మీద నీ డ్రైవర్ ఆ పాత లైనుకే దిగుతుంది తల్లీ.

కార్డు మెషీన్‌ను నిద్రలేపే వేకప్ కూడా యూజర్ అడిగితేనే ఆన్ చెయ్యి. బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ తనంతట తాను లేచి కాగిపోతే, ఎవరి థీసిసో అందులో ఉండొచ్చు.

నిద్రను మధ్యలోనే ఆపి చూసే పీఎం టెస్ట్‌లో డివైసెస్ స్థాయితో మొదలుపెట్టి, తర్వాత అలారం పెట్టి మెషీన్‌ను లేపే ఆర్‌టీసీవేక్‌తో 20 సెకన్లకోసారి లేచేలా రాత్రంతా తిప్పు. ట్రాఫిక్ నడుస్తుండగానే తిప్పు. మధ్యలో మౌస్ కదుపు. నువ్వు మాత్రం దాని ముందు కాపలా కూర్చోకు, అన్నం తిని పడుకో. రెండింటిదాకా మేలుకుంటున్నావని మీ అమ్మ బాధపడుతోంది.

ఆదివారం ఫోన్ చెయ్యి. హ్యాండ్లర్‌లో మొదటి పది లైన్లు నాకు చదివి వినిపించు.

మీ మామయ్య